సీఫస్ వినని మాటలు

శనివారం పొద్దున ఏడున్నరకల్లా సీఫస్ టాలివర్ పియానో ముందు కూర్చుని, అదే ముక్కని ముప్పయ్యోసారి పాడుచేశాడు. ముక్క పెద్దదేం కాదు, తాళంలో ఎనిమిది లెక్కలు. పియానో నేర్చుకుంటున్న పిల్లలు కూడా వాయించేస్తారు. కాకపోతే దాన్ని నాలుగు నిమిషాలపాటు ఒక్క స్వరమూ మార్చకుండా తిప్పి తిప్పి వాయించాలి. అక్కడే వచ్చింది చిక్కు. యాభై ఏళ్ళు జాజ్ వాయించిన వేళ్ళు అవి. రెండోసారికల్లా కొత్తగా ఏదో ఒకటి కలపకపోతే వాటికి తోచదు.

"మళ్ళీ తప్పావు!" వంటింట్లోంచి అరిచింది వెర్నీస్.

"తప్పలేదు. కొంచెం సింగారించానంతే."

"ఆ టెరెల్ నిన్ను సింగారించమన్నాడా? ఉన్నది ఉన్నట్టు వాయించమన్నాడా?"

సీఫస్ మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. పెళ్ళయి నలభై ఎనిమిదేళ్ళయినా, ఆవిడ వంటింట్లో ఉండి మాటలు విసిరితే తను ముందు గదిలో ఉండి పట్టుకోవడమే ఆ ఇంటి పద్ధతి.

టెరెల్ డెట్రాయిట్‌లో ర్యాప్ పాటల రికార్డులు చేసే మనిషి, ముప్పై దాటినవాడు. జూన్‌లో ఫోన్ చేసి, "మిస్టర్ టాలివర్, మీ పియానో, మా డ్రమ్ములు, మా పిల్లల మాటలు. ముక్కని మెషిన్‌లో పెట్టి తిప్పడం మాకు చేతకాక కాదు. మీ చేత్తో తిరిగితేనే దానికి ప్రాణం ఉంటుంది" అన్నాడు. డెబ్బై రెండేళ్ళ సీఫస్‌ని అప్పటికి నాలుగేళ్ళుగా చర్చి వాళ్ళు తప్ప ఎవరూ పిలవలేదు. అందులోనూ సగం చావులకే. ఫోన్ పెట్టేశాక ఆయన వంటింట్లోకి వెళ్ళి పెళ్ళాన్ని పట్టుకుని గిర్రున తిప్పాడు. ఆవిడ తిట్టింది, ఆ తిట్టు కూడా ఆయనకి ముద్దుగానే వినపడింది.

ఇప్పుడా సంబరం కాస్తా అరిగిపోయింది. మూడు వారాలుగా సాధన చేస్తున్నా వేళ్ళు మాట వినడం లేదు. పదకొండింటికి స్టూడియోలో ఉండాలి. దానికి తోడు ఇంకో దిగులు ఉంది, వెర్నీస్ అదే ఎత్తింది.

"లోనెట్‌కి చెప్పావా?"

సీఫస్ నీళ్ళు నమిలాడు. "చెప్తాలే."

"జూన్ నుంచీ చెప్తాలే అంటున్నావు, అక్టోబరొచ్చింది. ఊళ్ళో అందరికీ చెప్పావు. మంగలి షాపులో చెప్పావు, చర్చిలో చెప్పావు. కడుపున పుట్టినదానికి చెప్పడానికి మాత్రం నీకు నోరు పెగల్లేదు."

"ఎలా చెప్పమంటావే? ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, లోనెట్‌కి పదిహేడేళ్ళప్పుడు, చర్చి కింద హాల్లో కుర్రాళ్ళ కార్యక్రమం జరిగింది. సీఫస్ ఆ సాయంత్రమే కచేరీల ఊళ్ళనుంచి దిగి, పెట్టె చేతిలో ఉండగానే నేరుగా అక్కడికి వెళ్ళాడు. గుమ్మంలో అడుగు పెట్టేసరికి తన పియానో వినపడింది. తన పేరు మీద వచ్చిన ఒకే ఒక్క రికార్డులోంచి ఎనిమిది లెక్కలు కోసి, టేపు మీద గుండ్రంగా తిప్పుతున్నారు. ఆ టేపుకి తగ్గట్టు వేదిక మీద నిలబడి కూతురు ర్యాప్ చెబుతోంది. సీఫస్‌కి ఒళ్ళు మండిపోయింది. నిండు సభలో వేదిక ఎక్కి టేపు మెషిన్ తీగ పీకేసి, "ఇది సంగీతం కాదు, దొంగతనం" అన్నాడు. రెండు వందలమంది చూస్తుండగా ఆ పిల్ల మైకు కింద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక్క ముక్క రాయలేదు. చదువయ్యాక సిటీ బస్సు డ్రైవరైంది. అమ్మానాన్నల్ని చూడటం మానలేదు, వాళ్ళకి ఏ లోటూ రానివ్వలేదు. కానీ తండ్రితో వాన గురించీ, కారు టైర్ల గురించీ తప్ప ఏనాడూ మాట్లాడింది లేదు.

ఎనిమిదిన్నరకి వీధి తలుపు తెరుచుకుంది. లోనెట్! డ్రైవరు యూనిఫాంలోనే ఉంది. రొట్టెల పళ్ళెం పట్టుకుని వస్తున్న వెర్నీస్ కూతురి మొహం చూసి అక్కడే ఆగిపోయింది.

"రేడియోలో విన్నా నాన్నా," అంది లోనెట్, కనీసం కోటైనా విప్పకుండా. "సీఫస్ టాలివర్ గారు ఈ వయసులో హిప్-హాప్‌తో చెయ్యి కలిపారట. అభినందనలు."

సీఫస్ పియానో మీంచి చేతులు తీశాడు. "నేనే చెబుదామనుకున్నాను, తల్లీ..."

"ఎప్పుడు? నేను రిటైరయ్యాకా? ప్యాసింజర్లు నన్ను అడుగుతున్నారు, మీ నాన్నేనా అని. ఏమో తెలీదన్నా. నిజంగానే తెలీదు కదా!"

"ముందు కూర్చో. అరవకుండా మాట్లాడు," అంది వెర్నీస్.

"అరవనీ అమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అరిచానా?" లోనెట్ తండ్రి వైపు తిరిగింది. "అప్పుడది దొంగతనం. ఇప్పుడు పైవాళ్ళ పిల్లలు అడిగితే సంగీతం. అంతేనా నాన్నా? నేను చేస్తేనే కాకుండా పోయిందా?"

సీఫస్ తల దించుకున్నాడు. ఏం చెప్పినా అబద్ధమే అవుతుందనిపించింది.

"ఇన్నాళ్ళూ తప్పు నాదే అనుకున్నా, తెలుసా?" కళ్ళు తుడుచుకుంది లోనెట్. "పదిహేడేళ్ళ పిల్ల నలుగురిలో తండ్రిని ఎండగట్టేసింది. నువ్వు ఇంటి పట్టున ఉండవనీ, మా కుర్చీలు ఖాళీ అనీ అందరి ముందూ చదివింది. ఏ తండ్రికైనా కోపం రాదా, అందుకే తీగ పీకాడు, నాకు తగిన శాస్తే జరిగింది అని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. కలం పట్టుకుంటే మళ్ళీ ఎవరి మనసు గాయపరుస్తానో అని ఆ జోలికే పోలేదు. ఇప్పుడు చూస్తే నీకు ర్యాప్ అంటే ఏ బాధా లేదు. నేనంటేనే..."

"ఆగాగు," అన్నాడు సీఫస్. "ఎండగట్టడం ఏమిటి?"

"ఆ రోజు నేను చెప్పిన మాటలు, నాన్నా."

"ఏం మాటలు?"

వెర్నీస్ పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నేను మాటలు వినలేదే తల్లీ," అన్నాడు సీఫస్ మెల్లగా. "గుమ్మంలో నా పియానో వినపడింది. ఇక ఆ పైన నాకు ఏదీ చెవికెక్కలేదు. నువ్వు పైన నిలబడి ఏదో అంటున్నావని తెలుసు. ఏమంటున్నావో... దేవుడి సాక్షిగా నేను ఒక్క మాట వినలేదు."

"ఒక్క మాట కూడానా?"

"ఒక్కటి కూడా."

లోనెట్ సోఫాలో కూలబడింది. ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది, రెండూ ఆపుకోలేకపోయింది. "ఇరవై తొమ్మిదేళ్ళమ్మా! ఈయన విననే వినలేదట!"

"బాగుంది మీ ఇద్దరి సంబడం," అంది వెర్నీస్ ముక్కు చీదుతూ. "నిన్నడిగితే వదిలెయ్యమ్మా అంటావు, ఆయన్నడిగితే గది వదిలి వెళ్ళిపోతాడు. ఆ మధ్యలో నలిగి చచ్చింది నేను. ఒక్కరైనా నోరు తెరిచి ఒకరినొకరు అడిగి ఏడ్చారా?"

సీఫస్ లేచి వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. "మాటలకి కోపం వచ్చి పీకేసి ఉంటే కాస్త నయమేమో. వినకుండా పీకడం ఇంకా పెద్ద తప్పు. అందరికీ వాయించాను, నిన్ను మాత్రం వినలేకపోయాను. ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. తెలిసీ చెప్పుకోలేకపోయాను. నన్ను క్షమించు, తల్లీ."

లోనెట్ కోటు విప్పి పక్కన పెట్టింది, అంతే. అది చూసి వెర్నీస్‌కి ఊపిరి తిరిగినట్టయింది.

"ఇప్పుడు చెప్పవూ?" అడిగాడు సీఫస్. "గుర్తున్నంతే చెప్పు."

"అంతా గుర్తుంది. రెడ్ లైటు పడిన ప్రతిసారీ చెప్పుకుంటూనే ఉన్నాగా." ఒక్క క్షణం ఆలోచించింది. "సగమే అయింది ఆ రోజు. రెండో సగం ఎవరూ వినలేదు. అమ్మ కూడా."

"అయితే ఇప్పుడు మొత్తం."

సీఫస్ పియానో దగ్గరికి వెళ్ళి టెరెల్ ముక్క మొదలెట్టాడు. "అది కాదు, అది మీ కొత్తది," అని లోనెట్ తన ముక్క గొంతుతో అందుకుంది. తండ్రి రికార్డులోదే, ఆయనే మర్చిపోయిన ఎనిమిది లెక్కలు! సీఫస్ వేళ్ళు రెండుసార్లు తడుముకుని దారి పట్టాయి. లోనెట్ కాలితో తాళం వేస్తూ మొదలెట్టింది.

"సోమవారం చికాగో, మంగళవారం సెయింట్ లూయీ,
మా ఇంట్లో కుర్చీలో మాత్రం ఎవరూ లేరోయి..."

గుచ్చుకున్నాయి. గుచ్చుకోవలసిన మాటలే. పుట్టినరోజులొచ్చాయి, పగిలిన మోకాలొచ్చింది, అమ్మ ఒక్కతే వాకిట్లో తోసిన మంచు వచ్చింది. సీఫస్ వాయిస్తూనే ఉన్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి గొంతు మెల్లగా కుర్రదై, రెండో సగంలోకి దిగింది.

"నీ రికార్డులో ముక్క ఒకటి దాచుకున్నా,
నువ్వు లేని రోజుల్లో అదే నాకు నాన్నా.
గుండ్రంగా తిప్పుకుంటే వెళ్ళిపోదు గదా,
అయిపోయిందనగానే మళ్ళీ వస్తుంది గదా..."

సీఫస్‌కి ఎదురుగా ఏమీ కనపడటం లేదు. నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. దొంగతనమన్నాడు! తండ్రి ఇల్లు వదిలి వెళ్ళకుండా ఉండటానికి ఆ పిల్ల కనిపెట్టుకున్న ఉపాయం అది. ఎడమచేతి వేళ్ళు ఎప్పటిలా పక్కకి జారబోలేదు, కొత్తది కలపబోలేదు. వింటున్నాడు మరి. వినేవాడికి సింగారించే తీరిక ఎక్కడిది!

చివరి మాట అయిపోయింది. లోనెట్ గట్టిగా ఊపిరి వదిలి మొహం రెండు చేతులతో తుడుచుకుంది. వెర్నీస్ గుమ్మానికి చేరబడి గోడ గడియారం చూస్తోంది.

"సీఫస్, ఆరు నిమిషాలు," అంది ఆవిడ, నమ్మలేనట్టు. "ఒక్క స్వరం మారలేదు."

సీఫస్ ఆపలేదు.

"అయిపోయింది నాన్నా. ఇక ఆపొచ్చు," అంది లోనెట్.

"నీది అయింది. ఇరవై తొమ్మిదేళ్ళ బట్టి వినాల్సినవాణ్ణి నేను, నాది అప్పుడే ఎలా అవుతుంది?" ముక్కని మళ్ళీ మొదటికి తిప్పుతూ అన్నాడు సీఫస్. "మొదట్నించీ చెప్పు తల్లీ. నేనెక్కడికీ వెళ్ళను."