రైలు పాటలో ఊపిరి

మెర్సీ పాట అయిపోయింది. గోడ మీది పెద్ద స్క్రీన్‌పై 86 అనే అంకె వెలిగింది. ఏడో తరగతి మొత్తం ఒక్కసారిగా కేక పెట్టింది.

రామతులసి మాత్రం కిందకి వంగి బూటు లేసు కట్టుకుంది. అది అంతకుముందే బాగా కట్టి ఉంది.

శనివారం ఆఖరి రెండు పీరియడ్లూ పాటలే. సత్యవాణి టీచర్ ఇంటి నుంచి కరోకే స్పీకరు, రెండు మైకులు తెస్తారు. స్పీకరులో సంగీతం వస్తుంది. స్క్రీన్ మీద పాట అక్షరాలు కదులుతాయి. వాటిని అందుకుంటూ మనం పాడాలి. చివర్లో మార్కులు కూడా స్క్రీన్ మీదే పడతాయి.

పోయినేడాది ఆ మార్కుల్లో ఎప్పుడూ రామతులసే ఫస్టు. ఈ జూన్‌లో మెర్సీ వచ్చింది. వాళ్ళమ్మ నర్సు. ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయితే మండపేట నుంచి తణుకు వచ్చేశారు. మెర్సీ ఆదివారం చర్చిలో పాడుతుంది. ఎంత పై స్వరమైనా మెట్లెక్కినట్టు ఎక్కేస్తుంది.

"మెర్సీ, ఇంకోటి!" అని అరిచాడు గణేష్‌బాబు.

పోయినేడాది వాడే "తులసీ, ఇంకోటి!" అని అరిచేవాడు.

"ఆగండర్రా," అన్నారు టీచర్. "బాలల దినోత్సవానికి మన క్లాసు నుంచి ఒక్కరే స్టేజీ ఎక్కాలి. రైలు పాట పాడాలి. ఎవరు పాడతారు?"

దాని అసలు పేరు వేరు. మధ్యలో నాలుగు లైన్లు ఏ స్టేషన్‌లోనూ ఆగని రైలులా పరిగెడతాయని పిల్లలు ఆ పేరు పెట్టారు. ఇంతవరకూ ఎవరూ దాన్ని పూర్తిగా పాడలేదు. మూడో లైనుకి ఊపిరి అయిపోయేది. అక్షరాలు ముందుకెళ్ళిపోయేవి. అందరూ నవ్వేవాళ్ళు.

రెండు చేతులు లేచాయి. ఒకటి రామతులసిది, ఒకటి మెర్సీది.

"సరే. వచ్చే శనివారం ఇద్దరూ పాడండి. చూద్దాం," అన్నారు టీచర్.

బెల్లు కొట్టాక రామతులసి కుళాయి దగ్గర ఉంటే మెర్సీ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"తులసీ, రైలు పాటలో నాకు ఊపిరి సరిపోవట్లేదే. నువ్వెక్కడ తీసుకుంటున్నావ్?"

రామతులసికి ఆ చోటు తెలుసు. రెండు రోజుల కిందట అమ్మే చూపించింది. అమ్మ సూర్యకళ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. కూతురు ఫోన్‌లో పాట పెట్టుకుని పాడుతూ మళ్ళీ మళ్ళీ అక్కడే ఆగిపోతుంటే మిషన్ ఆపి విన్నది. "మూడో లైను ముందు డోలక్ మీద గట్టి దెబ్బ పడుతోంది చూడు. ఆ చప్పుడులో చిన్న ఊపిరి పీల్చెయ్. ఎవరికీ వినపడదు," అంది. అంతే, పాట వచ్చేసింది.

చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. కానీ చెప్తే మెర్సీ పాడేస్తుంది. ఆ పై స్వరాలు కూడా పాడేస్తుంది.

"నేనసలు తీసుకోను," అంది రామతులసి. "నాలుగు లైన్లూ ఒక్క ఊపిరిలోనే."

మెర్సీ కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగా? అమ్మో! అయితే నేనూ అలాగే నేర్చుకుంటాను."

సోమవారం నుంచి మెర్సీ భోజనాల బెల్లులో ఊపిరి బిగబట్టి పాడటం మొదలుపెట్టింది. మూడో లైనుకి ముఖం ఎర్రబడేది. నాలుగో లైనులో దగ్గొచ్చేది. నీళ్ళు తాగి మళ్ళీ మొదటికొచ్చేది.

పైగా అందరికీ చెప్పింది. "తులసి నాలుగు లైన్లూ ఒక్క ఊపిరిలో పాడుద్ది, తెలుసా మీకు?"

"ఏదీ, పాడి చూపించు!" అంటూ గణేష్‌బాబు వెంటపడ్డాడు.

"శనివారం చూద్దువుగానిలే," అని తప్పించుకుంది రామతులసి. క్లాసంతా మళ్ళీ తన పేరే చెప్పుకుంటోంది. తను కోరుకున్నదే. అయినా ఆ పేరు వినపడినప్పుడల్లా ఒళ్ళు ముడుచుకుపోయేది.

శుక్రవారం మెర్సీ గొంతు బొంగురుపోయింది. మాట కూడా గీసుకున్నట్టు వస్తోంది.

"నేను పాడట్లేదే. టీచర్‌కి చెప్పేశాను," అంది. "నీ అంత ఊపిరి నాకు లేదు. నేను బాగా పాడతాననుకున్నాను. అది చర్చి వరకేనేమో."

సంతోషపడాల్సిన మాట అది. రామతులసి ఆ రోజు భోజనం సగం వదిలేసింది.

శనివారం వచ్చింది. రామతులసి ఒక్కతే మైకు పట్టుకుని నిలబడింది. క్లాసంతా ఊపిరి లెక్కపెట్టడానికే వచ్చినట్టుంది. గణేష్‌బాబు మొదటి బెంచీలోకి జరిగి ఆమె నోటినే చూస్తున్నాడు.

పాట మొదలైంది. ఒకటో లైను. రెండో లైను. డోలక్ మీద దెబ్బ పడింది. సరిగ్గా అప్పుడే తల కొంచెం పక్కకి తిప్పి రామతులసి ఊపిరి పీల్చింది. మూడో లైను, నాలుగో లైను సాఫీగా సాగిపోయాయి.

ఎవరికీ తెలియలేదు.

"పాడేసింది! ఒక్క ఊపిరే!" గణేష్‌బాబు బెంచీ ఎక్కేశాడు. స్క్రీన్ మీద 88 పడింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది మెర్సీ. అరవడానికి గొంతు లేక చేతులు పైకెత్తి మరీ కొడుతోంది.

టీచర్ పెన్ను తీశారు. "అయితే రామతులసి పేరు రాసెయ్యనా?"

"టీచర్..." మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ గొణుగుడు గదంతా వినపడింది. "అది ఒక్క ఊపిరి కాదండి."

చప్పట్లు ఆగిపోయాయి.

"మధ్యలో తీసుకున్నానండి. ఎప్పుడూ తీసుకుంటాను. డోలక్ చప్పుడులో వినపడదు. మెర్సీ అడిగితే అబద్ధం చెప్పాను."

"ఎందుకమ్మా?" టీచర్ నెమ్మదిగానే అడిగారు.

రామతులసి బూట్లకేసి చూసింది. "తనకి నాకంటే బాగా వస్తుందని."

ఎవరూ నవ్వలేదు. మెర్సీ లేచింది. సంచీ తీసుకుని వెనక బెంచీలోకి వెళ్ళి కూర్చుంది.

"మెర్సీ గొంతు బాగయ్యేదాకా ఆగుదామండి టీచర్," అంది రామతులసి. టీచర్ పెన్నుకి క్యాప్ పెట్టేశారు.

సోమవారం భోజనాలయ్యాక రామతులసి వెనక బెంచీ దగ్గరకి వెళ్ళింది.

"ఎక్కడ తీసుకోవాలో చూపిస్తాను మెర్సీ."

"నువ్వు చెప్పింది మళ్ళీ నమ్మాలా?" మెర్సీ తలెత్తలేదు. "మూడు రోజులు అమ్మ నన్ను మాట్లాడనివ్వలేదు. నిన్న చర్చిలో అందరూ పాడుతుంటే నేను ఊరికే నిలబడ్డాను."

అయినా రామతులసి వెళ్ళిపోలేదు. బెంచీ మీద వేళ్ళతో తాళం వేస్తూ చిన్న గొంతుతో పాట మొదలుపెట్టింది. రెండు లైన్లు పాడి, బెంచీని అరచేత్తో ఠప్పుమని కొట్టి, అందరికీ కనపడేలా నోరు తెరిచి ఊపిరి పీల్చింది. మిగతా రెండు లైన్లు పాడేసింది.

మెర్సీ పెన్సిల్ కింద పెట్టింది.

"మళ్ళీ చెయ్యి," అంది.

రామతులసి మళ్ళీ చేసింది. శుక్రవారం దాకా రోజూ చేసింది. మెర్సీ మాత్రం పాత బెంచీలోకి రాలేదు. పాట గురించి తప్ప వేరే మాటలూ లేవు.

ఆ శనివారం మెర్సీ మైకు పట్టుకుంది. డోలక్ దెబ్బ పడింది. ఊపిరి ఎప్పుడు తీసుకుందో రామతులసికి కూడా కనపడలేదు. నాలుగు లైన్లూ దాటింది పాట. ఆ తర్వాత రామతులసి ఎప్పుడూ అందుకోలేని పై స్వరాల్లోకి వెళ్ళి, అక్కడే తేలికగా తిరిగి, కిందకి దిగింది.

స్క్రీన్ మీద 91 పడింది. క్లాసు గోలగోలైపోయింది. మెర్సీకి చిన్న దగ్గొచ్చి మంచినీళ్ళ సీసా కోసం వంగింది. తలెత్తేసరికి అంకె పోయి స్క్రీన్ నల్లగా అయిపోయింది.

రామతులసి తలుపు వైపు చూసింది. కాళ్ళు బయటికి వెళ్ళిపోదామంటున్నాయి. ఆమె ఒక్కో బెంచీ దాటుకుంటూ మెర్సీ దగ్గరకి నడిచింది.

"ఎంతే? నేను చూడలేదు. ఎంతొచ్చింది?" మెర్సీ ఆమె చెయ్యి పట్టుకుని ఊపేసింది. చుట్టూ ఉన్న గోలలో ఎవరి మాటా వినపడటం లేదు.

రామతులసి మెర్సీ చెవి దగ్గరకి వంగి, ఒక్కో మాటా స్పష్టంగా చెప్పింది.

"తొంభై ఒకటి. నాకంటే మూడు ఎక్కువ."