మట్టిలో పలుకు

మూడోసారి కూడా బట్టీ తలుపు తీసేసరికి కోడలి గుండె జారిపోయింది. పై అరలో నాలుగు కూజాలు పక్కలు విచ్చుకుని ఉన్నాయి. కింద పెద్ద తొట్టి రెండు ముక్కలైంది. భర్త ఒక్కో ముక్కా బయటపెడుతూ ఆమె వైపు చూడలేదు. చూడకపోవడమే తిట్టినంత పనైంది. చివరికి, మంట తొందరపడి పెంచి ఉంటావన్నాడు. గంటగంటకూ చూసుకుంటూనే ఉన్నానంది ఆమె. ఇంకొక్కసారి ఇలా అయితే బట్టీ పని తన అక్కని పిలిపించి అప్పగించక తప్పదన్నాడతను. ఎనిమిదేళ్ళు చేతులు కాల్చుకుని నేర్చుకున్న పని! ఆ ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగింది అదొక్కటే...

ఆ ఇంట్లో పనులు ఏనాడో పంచుకున్నారు. మట్టి అత్తగారిది, కుండలు తిప్పే సారె కొడుకుది, వాటిని కాల్చే బట్టీ కోడలిది. విరిగిన పచ్చి కుండలూ, సారె మీద మిగిలిన బురదా నానబెట్టి, మళ్ళీ పిసికి కొత్త మట్టిలా చేసివ్వడంలో అత్తగారు పెట్టింది పేరు. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, లోపల గట్టి పలుకున్నా గాలి బుడగున్నా ఇట్టే చెప్పేసేది. వీధిలో అందరూ మట్టి డాక్టరమ్మ అనేవారు. ఆవిడ పైకి విసుక్కునేది గానీ, ఆ పిలుపు వినకపోతే ఆ పూట తోచేది కాదు. అలాంటి చేతి మీదుగా వచ్చిన మట్టిని ఎవరు శంకిస్తారు? తప్పంతా మంట మీదికీ, మంట పెట్టిన మనిషి మీదికీ వచ్చింది.

కానీ అత్తగారి తీరు కొన్నాళ్ళుగా కోడలికి అంతుపట్టడం లేదు. వాకిట్లో కూర్చుని కబుర్లాడుతూ మట్టి పిసికే మనిషి ఇప్పుడు షెడ్డులోకి వెళ్ళి గడియ పెట్టుకుంటోంది. పగిలిన పెంకుల్ని అందరికంటే ముందు ఏరి, గోనెసంచిలో వేసి పెరటి వెనక పారబోసి వస్తోంది. ఈసారి కోడలు ఊరుకోలేదు. ఆ కుప్పలోంచి ఓ పెంకు తీసి చూసింది. మందంలో చిన్న డొల్ల, దాని పక్కనే కరగని మట్టి పలుకు. ఇది మంట చేసే పని కాదు. ఎవరైనా కావాలని... ఛ, అత్తయ్య అలాంటివారా అని తనను తానే కసురుకుంది. మర్నాడే అత్తగారు ఫోన్లో కూతురితో గొంతు తగ్గించి మాట్లాడటం చెవిన పడింది.

"నువ్వొచ్చి పని అందుకోవే. తమ్ముడికి నేను చెప్పుకుంటాను. దానికి మాత్రం తెలియనివ్వకు."

దానికి అంటే ఇంకెవరికి? ఆ రోజు నుంచి అత్తగారు నవ్వినా అనుమానమే, దగ్గినా అనుమానమే. ఆవిడ ఆప్యాయంగా మంచినీళ్ళు అందించినా, ఎందుకిచ్చిందా అని కోడలు గ్లాసు వంక ఒకటికి రెండుసార్లు చూసేది. భర్తకు పెంకు చూపించాలనుకుంది. మా అమ్మ మీదే నింద వేస్తావా అంటే ఏం చెప్పాలి? పెంకును కొంగున కట్టుకుని ఊరుకుంది.

ఇంతలో కొడుకు మట్టి కలిపే మిషను కొందామన్నాడు. అత్తగారు సరేనంది గానీ, మట్టిలోని గాలి కూడా తీసే పెద్దది వద్దని ఒంటికాలి మీద లేచింది. చిన్నది చాలు, అది కలిపిస్తే చివరి పిసుకుడు నేను చేస్తానని పట్టుబట్టింది. కోడలికి విషయం అర్థమైపోయినట్టే అనిపించింది. పెద్దదొస్తే మట్టి నేరుగా సారె మీదికే వెళ్తుంది, అత్తగారి చెయ్యి పడదు. చెయ్యి పడకపోతే కుండలు పగలవు. అందుకే వద్దంటోంది!

మిషన్ల షాపుకి ముగ్గురూ కలిసి వెళ్ళారు. ఇంటి నుంచి తెచ్చిన పాత మట్టినే షాపాయన రెండు మిషన్లలోనూ వేసి, ఒక్కోదాంట్లోంచి వచ్చిన ముద్దను తీగతో కోసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ పేరు ముందే విన్నవాడు కాబట్టి, ఏది ఎందులోంచి వచ్చిందో చెప్పకుండా, డాక్టరమ్మగారే తేల్చాలని నవ్వాడు. అత్తగారు ఎడమ ముద్దను నొక్కింది. కుడిదాన్ని నొక్కింది. మళ్ళీ ఎడమది... అంతసేపు ఆవిడ ఎప్పుడూ తీసుకోలేదు. ఎడమదే మెత్తగా వచ్చిందని చెప్పింది.

కోడలు కూడా ఎడమదాన్ని నొక్కింది. ఉడకని అన్నంలా బొటనవేలి కింద పలుకులు తగిలాయి. ఆశ్చర్యంగా అత్తగారి చేతి వంక చూసింది. ముద్దను కోసినప్పుడు తెగి అందులోనే ఉండిపోయిన తీగ కొస ఒకటి చూపుడువేలిలో దిగబడి ఉంది. నెత్తురు సన్నగా కారుతోంది. అత్తగారికి తెలియనే లేదు.

గడియ పెట్టిన షెడ్డూ, పారబోసిన పెంకులూ... అన్నీ కోడలికి ఒక్కసారిగా తెలిసొచ్చాయి. ఇప్పుడు ఒక్క మాటంటే చాలు, బట్టీ తనకు దక్కుతుంది. అదే మాటతో ఆ ముసలావిడ పేరు కొడుకు ముందూ పరాయివాడి ముందూ మట్టిపాలవుతుంది. ఆమె ఆ తీగను మెల్లగా లాగి, కొంగుతో వేలు ఒత్తి పట్టుకుంది.

"అత్తయ్య నన్ను పరీక్షించడానికి అలా చెప్పారండీ. కుడివైపుదే మంచిది" అంది భర్తతో.

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"పరీక్షా లేదు, పాడూ లేదురా. ఆర్నెల్లుగా నాకు వేళ్ళకి స్పర్శ తెలియట్లేదు. కుండలు పగిలింది నా మట్టి వల్ల. పెద్ద మిషనొచ్చి పగలడం ఆగిపోతే, ఇన్నాళ్ళూ తప్పెవరిదో నీకు తెలిసిపోతుందని అడ్డుపడ్డాను. నా బదులు మట్టి పిసికి పెట్టమని మీ అక్కని బతిమాలుకున్నాను. ఈ పిల్ల మాటలు పడుతుంటే విని కూడా నోరు మెదపలేదు..."

కొడుకు తల దించుకున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి చూశాడు. షాపాయనతో, పెద్ద మిషనే పంపమని, బట్టీ పని చూసే మనిషి ఈవిడేనని, మిషను ఎలా వాడాలో కూడా ఈవిడకే చెప్పమని అన్నాడు. కోడలి కళ్ళు నిండాయి. మీరు కావాలనే చేస్తున్నారనుకున్నాను అత్తయ్యా, అని ఆవిడ చెవిలో చెప్పేసింది. అనుకోక ఏం చేస్తావులే అంది అత్తగారు.

కోడలు షాపు అరుగు మీద ఆవిడ పక్కన కూర్చుని, చేతిని ఒళ్ళో పెట్టుకుని, వేలి కొసను నొక్కింది.

"ఇది తెలుస్తోందా?"

"లేదు."

రెండో వేలు, మూడో వేలు... లేదు, లేదు. మెల్లగా అరచేతి మధ్యకు వచ్చి నొక్కింది.

"ఇక్కడ తెలుస్తోంది అమ్మాయ్" అంది అత్తగారు.

కోడలు ఆ చెయ్యి అక్కడే పట్టుకుని కూర్చుంది.