బంతి దూరని హెల్మెట్

"భుటీ, పై అరలో మూడోది కాస్త దించు."

అన్నా అని ఎవర్ని పిలుస్తోందోనని లుఖాన్యో వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవు పక్కనున్న ఆ ఆటసామాన్ల కొట్లో అప్పుడున్నది తనూ, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డ ఈ అమ్మాయీ. కొట్టు యజమాని వెనక గదిలో టీ తాగుతున్నాడు. లుఖాన్యో కూడా హెల్మెట్ కొనుక్కోవడానికే వచ్చాడు.

"నేను... అది కాదు సిసి..." అక్కా అన్నంత మర్యాదగా నసిగాడు.

"అదే. నీలంది. నీ పొడుగు నాకుంటే నిన్నెందుకు అడుగుతాను?"

బయట వాన దంచుతోంది. ఆమె జుట్టు చివర్ల నుంచి చుక్కలు కారుతున్నాయి. కుడి చెంప మీద సన్నటి మచ్చ. కోపంగా చూసినా నవ్వుతున్నట్టే ఉండే కళ్ళు. తను ఇక్కడ పనివాణ్ణి కాదని నిజం చెబితే వెళ్ళిపోతుందేమో అనిపించింది లుఖాన్యోకి. తన పొడుగుకి మనసులోనే దండం పెట్టుకుని, నీలం హెల్మెట్ దించాడు.

ఆమె సంచీలోంచి ఓ పాత ఎర్రబంతి తీసింది. హెల్మెట్ అంచుకీ ముందరి కమ్మీలకీ మధ్య దాన్ని పెట్టి నొక్కింది. బంతి లోపలికి జారి ఠక్కున పడింది.

"ఇది పోయింది. తర్వాతది."

"అదేంటి సిసి! టైటానియం కమ్మీలు. ఈకంత తేలిక."

"ఈకే మరి. రా రమ్మని బంతిని లోపలికి పిలుస్తోంది."

లుఖాన్యోకి రోషం వచ్చింది. కొట్టు బల్ల మీదున్న ఇంకో బంతి తీసి తనూ నొక్కాడు. అది కమ్మీల దగ్గరే ఆగిపోయింది.

"చూడు, దూరట్లేదు!"

"అది మీ మగాళ్ళ బంతి. మాది కాస్త చిన్నది. కొన్ని హెల్మెట్లను మీ బంతితోనే పరీక్ష చేసి వదిలేస్తారు. దెబ్బలు మాత్రం మాకు మా బంతితోనే తగుల్తాయి." చెంప మీద మచ్చని వేలితో చూపించింది. "ఇది పుట్టుమచ్చ అనుకున్నావా? మా తమ్ముడి హెల్మెట్ పెట్టుకుని ఆడినందుకు బహుమానం."

నడక వచ్చిన నాటి నుంచి క్రికెట్ ఆడుతున్నాడు లుఖాన్యో. ఈ సంగతి ఒక్కనాడూ తోచలేదు. మిగతా హెల్మెట్లు దించడం మొదలుపెట్టాడు.

ఒకదాంట్లో బంతి దూరింది. ఇంకోదాంట్లో సగం దూరి ఇరుక్కుంది. పెద్ద పచ్చ హెల్మెట్‌లో దూరలేదు గానీ, అది ఆమె తల మీద బకెట్ బోర్లించినట్టుంది. చివరికి బూడిద రంగుది ఒకటి నిలబడింది. ఉక్కు కమ్మీలు, అటూ ఇటూ కదల్చడానికి వీల్లేనివి.

"ఇదే!" అందామె.

"ఆగు. గెంతు."

"ఏంటీ?"

"కమ్మీలు సరే. బంతి నుంచి తప్పుకునేటప్పుడు హెల్మెట్ కళ్ళ మీదకి జారితే? గెంతి, తల ఊపు."

ఆమె అనుమానంగానే గెంతింది. హెల్మెట్ ముక్కు మీదకి దిగింది. లుఖాన్యో ఆమె వెనక్కి వెళ్ళి, తల వెనకున్న మరను మెల్లగా బిగించాడు. అతని వేళ్ళు చెవికి తగిలాయి. ఒక్క క్షణం ఇద్దరికీ హెల్మెట్ సంగతే గుర్తులేదు.

"ఇప్పుడు గెంతు," అన్నాడు గొంతు సవరించుకుని.

గెంతింది. హెల్మెట్ కదల్లేదు.

అప్పుడే వెనక గది తలుపు తెరుచుకుంది. "లుఖాన్యో! నీకు నా కొట్లో ఉద్యోగం ఎప్పుడిచ్చానురా?"

ఆమె మొహం ఎర్రబడింది. "నువ్వు... ఇక్కడ పనిచెయ్యవా? అబద్ధాలకోరు!"

"ఒక్క అబద్ధం చెప్పలేదు. నువ్వు అడిగితేగా!"

"మ్దాంత్సానె పేట కుర్రాళ్ళలో వీడంత వేగంగా బౌలింగ్ చేసేవాడు లేడమ్మా," అన్నాడు యజమాని నవ్వుతూ.

ఆమె కోపం ఎక్కడికి పోయిందో, అతన్ని కొత్తగా చూసింది. గొంతు తగ్గించి అంది. "నా పేరు లిండెల్వా. శనివారం మా ఆడవాళ్ళ లీగ్ ఫైనల్. దెబ్బ తగిలినప్పట్నుంచి వేగం బంతి వస్తే నా కళ్ళు మూసుకుపోతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. రేపు సాయంత్రం నెట్స్‌కి వచ్చి నాకు బంతులేస్తావా?"

"వేస్తాను."

ఆమె బూడిద రంగుది కొనుక్కుని వెళ్ళాక, ఆ పచ్చ బకెట్‌ని లుఖాన్యో తనకోసం కొనుక్కున్నాడు. అతని తల పెద్దదే.

మర్నాడు నెట్స్‌లో అతను వేసిన మొదటి బంతి నిద్రపోతూ వచ్చింది. రెండోది ఆవలిస్తూ వచ్చింది.

లిండెల్వా బ్యాట్ నేలకేసి కొట్టింది. "నేనేమైనా గాజు గిన్నెనా? శనివారం అవతలి పిల్ల ఇలాగే వేస్తుందా? జాలిపడేవాళ్ళు ఇంట్లో చాలామంది ఉన్నారు, నువ్వొద్దు. ఇంటికెళ్ళు!"

"జాలి కాదు."

"మరి?"

అతను వెనక్కి నడిచి, ఈసారి దూరం నుంచి పరిగెత్తుకొచ్చాడు. బంతి నేలకి కొట్టుకుని ఆమె మొహం మీదకి లేచింది. ఆమె బ్యాట్ తిప్పింది, అందలేదు. ఠంగ్! బంతి కమ్మీలకి కొట్టుకుంది. ఆమె చతికిలబడింది.

లుఖాన్యో ఆమె దగ్గరికి ఎలా చేరాడో అతనికే తెలియదు. "లిండెల్వా! చూడు నన్ను! ఏమైనా అయిందా?"

ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది.

"కళ్ళు మూసుకోలేదు! చివరిదాకా చూశాను దాన్ని! దాని మీద కుట్టు కూడా కనిపించింది!"

"నా గుండె ఆగిపోయింది ఇక్కడ."

"ఎందుకట?"

"తెలియనట్టు అడుగుతావేం?"

"హెల్మెట్‌లో సరిగ్గా వినబడదు. గట్టిగా చెప్పు."

"విప్పి విను."

"విప్పను."

లుఖాన్యో ఊపిరి పీల్చుకుని అరిచాడు. "నువ్వంటే నాకిష్టం!"

పక్క నెట్స్‌లో అమ్మాయిలందరూ బ్యాట్లు కింద పడేసి కేకలేశారు. లిండెల్వా అప్పుడు విప్పింది. చెమటతో మెరుస్తున్న మొహం, ఒక్క గీత కూడా పడలేదు.

"వినబడింది. జవాబు ఫైనల్ తర్వాత."

కానీ హెల్మెట్ చూసేసరికి ఇద్దరి నవ్వూ ఆగింది. మధ్య కమ్మీ లోపలికి వంగింది. అంత దెబ్బ తిన్నదాన్ని మళ్ళీ పెట్టుకోకూడదు. కొట్లో అలాంటిది ఇంకోటి లేదు.

"నాది తీసుకో," అన్నాడు లుఖాన్యో. "పచ్చది."

"ఆ బకెట్టా? నా తల అందులో ఈత కొడుతుంది!"

ఆ చిక్కు విప్పింది లిండెల్వా వాళ్ళమ్మ. నర్సు కాబట్టి, కూతురి చెంపకి కుట్లు పడటం దగ్గరుండి చూసింది. తను ఒప్పుకుంటే తప్ప మైదానంలోకి అడుగు పెట్టనివ్వనని ఒట్టు పెట్టుకుంది. శనివారం పొద్దున్నే బౌండరీ గీత బయటే లుఖాన్యో చేతిలోంచి పచ్చ హెల్మెట్ లాక్కుని, బంతిని పట్టి అన్ని వైపుల నుంచీ నొక్కింది. పళ్ళు బిగించి మరీ నొక్కింది. దూరలేదు.

"తలకి వదులు," అంది. తన తలకి కట్టుకున్న మెత్తటి గుడ్డ విప్పి, కూతురి తలకి గట్టిగా చుట్టి, పైన హెల్మెట్ పెట్టి మర బిగించింది. "గెంతు."

లిండెల్వా ఉలిక్కిపడి లుఖాన్యో వైపు చూసింది. అతను చేతులెత్తేశాడు. "నేను చెప్పలేదు!"

గెంతింది. ఇసుమంత కదల్లేదు.

"వెళ్ళు," అంది అమ్మ. కూతురి భుజం తట్టింది. "వెళ్ళి ఆడు."

అవతలి జట్టు బౌలర్‌కి చెంప మీద మచ్చ సంగతి తెలుసు. మొదటి నుంచీ మొహం మీదకే గురిపెట్టింది. లిండెల్వా కొన్నిటికి వంగింది, కొన్నిటిని వదిలింది. ఒక్కదానికీ కళ్ళు ముయ్యలేదు. ఇవతల ఒక్కొక్కరూ అవుటై వెళ్ళిపోతుంటే పచ్చ హెల్మెట్ మాత్రం పాతేసినట్టు నిలబడింది. గెలుపు చేతికందేంత దూరంలో ఉన్నప్పుడు ఆ పిల్ల మళ్ళీ ఎగిరే బంతి వేసింది.

లిండెల్వా వెనక కాలి మీదకి జరిగి, ఒళ్ళంతా తిప్పి కొట్టింది. బంతి జనం మీదుగా, మక్కకంకులు కాల్చే పొగ మీదుగా, గోడ అవతలి రోడ్డు మీద పడింది.

మైదానం దద్దరిల్లింది. జట్టు ఆమె మీదకి ఉరికింది. వాళ్ళని తోసుకుని, ప్యాడ్లతోనే ఆమె గీత దాటి పరిగెత్తి లుఖాన్యో మెడకి వేలాడింది. హెల్మెట్ అంచు అతని నుదుటికి తగిలింది. అతనికి నొప్పి తెలియలేదు.

"అబ్బాయ్."

ఇద్దరూ దూరం జరిగారు. అమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"మీ వంశం పేరేంటి?"

చుట్టూ గోల ఠక్కున ఆగింది. కూతురి పక్కనున్న కుర్రాణ్ణి తల్లి ఆ ప్రశ్న అడిగిందంటే దేనికో అక్కడ అందరికీ తెలుసు. ఒకే వంశమైతే అన్నాచెల్లెళ్ళు, కథ అక్కడితో సరి.

"జోలా, అమ్మా," అన్నాడు లుఖాన్యో.

"మీ అమ్మవైపు?"

"భేలె."

నాడి చూస్తున్నట్టు కళ్ళు మూసుకుని, తమ వైపు పేర్లన్నీ పెదవుల మీద ఒక్కొక్కటే తిప్పుకుంది ఆమె. తర్వాత కళ్ళు తెరిచింది.

"మాకెక్కడా కలవలేదు. బాగుంది."

"అమ్మా!" లిండెల్వా సిగ్గుతో అరిచింది. "నేనింకా అతనికి జవాబే చెప్పలేదు!"

"ఇంకా ఏం చెప్తావే? గెలిచి నువ్వు పరిగెత్తుకొచ్చింది నా దగ్గరికా?"

ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నాలుకలాడించి, మైదానం మోగిపోయేలా మంగళధ్వని చేశారు.