మూడు దెబ్బల బండ

జినాన్ కొండల్లో ఆ బండకి ఉన్న చెడ్డపేరు ఇవాళ్టిది కాదు. పొద్దుగూకాక లోపల్నుంచి తడుతుందట. మూడు దెబ్బలు... కాస్త ఆగి మళ్ళీ మూడు. విన్నవాళ్ళు తలుపు వేసుకుని దీపం ఆర్పేయాలి. పొరపాటున తిరిగి తట్టారో — బండ లోపలికి లాక్కుని, తన గులకరాళ్ళలో ఒక రాయిగా కలిపేసుకుంటుంది. ఆ బండ నిండా గులకరాళ్ళే మరి. చిక్కుడు గింజలు కలిపి ఆవిరి పట్టిన పిండిముద్దలా ఉంటుంది.

దాన్‌బి ఇదంతా విని పకపకా నవ్వింది. సియోల్‌లో రాళ్ళ చదువు చదివే పిల్ల. ఆ గులకరాళ్ళని మోసుకొచ్చిన పాత నది ఎక్కడ పుట్టిందో తేలిస్తే పట్టా చేతికొస్తుంది. ఇంక దెయ్యాలకి తీరికెక్కడిది?

"చలికి రాళ్ళు ముడుచుకుంటాయి అవ్వా. ఆ చప్పుడే అది," అంది, బండ దిగువన కొట్టు పెట్టుకున్న మల్‌సున్ అవ్వతో.

"ముడుచుకునే రాళ్ళకి లెక్కలెలా వచ్చాయే తల్లీ? సరిగ్గా మూడే ఎందుకు కొడతాయి?"

అంటూనే అవ్వ ఒక ఎండుపుల్ల తెచ్చి, ముందుకు వాలిన బండ కింద ఆసరాగా నిలబెట్టింది. నడుంనొప్పి తగ్గుతుందని ముసలాళ్ళంతా అక్కడ చేసే పనే అది.

"ఇంత కొండకి ఆ పుల్ల ఆసరానా?"

"కొండకి కాదే పిచ్చిదానా, నా నడుముకి! నువ్వు మాత్రం చీకటి పడకముందే దిగిపో."

దిగిపోదామనే అనుకుంది పాపం. పగలంతా రాళ్ళ వాలు కొలిచింది. పారే నీళ్ళలో పేరుకున్న రాళ్ళు చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి ఒరిగి, అన్నీ ఒకే వైపు చూస్తుంటాయి. 'అన్నీ పడమటికే' అని పుస్తకంలో రాసుకుంది కూడా. పొద్దు వాలుతుండగా బండ చీలికలోకి టార్చి వేసి చూస్తే — లోపల ఒక ఎర్రరాయి! నెల రోజులుగా వెతుకుతున్నది. అది దొరికితే నది పుట్టిల్లు దొరికినట్టే.

సంచీ, ఫోనూ బయటే పెట్టింది. ఊపిరి బిగబట్టి అడ్డంగా దూరింది. ఒళ్ళు ఎక్కడా గీరుకోకుండా సులువుగా వెళ్ళిపోయింది. సుత్తితో రెండు దెబ్బలేసి, ఎర్రరాయి ఊడబెరికి, జేబులో వేసుకుంది. సంతోషంగా వెనక్కి కదలబోయింది.

కదల్లేదు.

వీపు దగ్గర ఒక రాయి కోటుని పట్టుకుంది. పొట్ట దగ్గర ఇంకోటి. గుంజుకునేకొద్దీ ఇంకా లోతుగా గుచ్చుకుంటున్నాయి... టార్చి చేతిలోంచి జారి, ఎక్కడో కింద పడి ఆరిపోయింది.

అప్పుడు తట్టింది ఆమెకి. అన్నీ పడమటికే. చీలిక కూడా పడమటికే. చేపలు పట్టే బుట్టలో పుల్లలు లోపలికి వంచి పెడతారు — వెళ్ళేదాన్ని వెళ్ళనిస్తాయి, వచ్చేదాన్ని రానివ్వవు. పగలంతా ఆ వాలే కొలిచి, కొలత రాసుకుని, బుద్ధిగా నడిచి అందులోకే వెళ్ళింది. చదువుకున్నవాళ్ళ తెలివి ఒక్కోసారి ఇలాగే ఏడుస్తుంది!

అరిచింది. గొంతు బండలోనే ఇంకిపోయింది. చలి ఎముకల్లోకి దిగుతోంది. తెల్లారేసరికి మంచు పేరుకుంటుంది. మెడ తిప్పితే చీలిక సందులోంచి, దూరంగా దిగువన అవ్వ కొట్టులో దీపం కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. సుత్తితో బండని కొట్టింది.

టక్... టక్... టక్.

దీపం ఆరిపోయింది.

వినపడక కాదు. వినపడింది కాబట్టే ఆర్పేశారు. ఈ రాత్రి తను ఎన్నిసార్లు కొడితే అన్ని తలుపులు మూసుకుంటాయి... దాన్‌బికి ఏడుపు ముంచుకొచ్చింది. చచ్చిపోతానని మొదటిసారి భయమేసింది.

అంతలో —

టక్... టక్... టక్.

సుత్తి ఆమె చేతిలోనే ఉంది. కదల్లేదు. చప్పుడు వెనకనుంచి కాదు, ముందునుంచి. బండ లోపల్నుంచి.

తిరిగి తడితే లాక్కుంటుందన్నారు. తట్టకపోతే మటుకు ఇక్కడేగా చావడం? కళ్ళు గట్టిగా మూసుకుని మూడుసార్లు కొట్టింది. జవాబు ఇంకాస్త ముందునుంచి వచ్చింది... రమ్మంటున్నట్టు.

వెనక్కి లాక్కోవడం మానేసి, రాళ్ళ వాలుతోపాటు ముందుకి జరిగింది. పట్టు వదిలింది. తట్టింది... జరిగింది... తట్టింది... జరిగింది. ఒకచోట చేతికి మెత్తగా ఏదో తగిలింది. భయంతోనే పట్టుకుని కోటులో దోపుకుంది. ఎంతసేపు గడిచిందో తెలీదు. ఉన్నట్టుండి మొహానికి చల్లగాలి కొట్టింది. బండకి అవతలి పక్క — నెత్తిన చుక్కలు!

చుట్టూ తిరిగి, పడుతూ లేస్తూ అవ్వ కొట్టు చేరింది. తలుపు తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అవ్వా... నేను. దాన్‌బిని."

తలుపు సందులోంచి చూసి అవ్వ గభాల్న లోపలికి లాక్కుంది.

"అవతలి పక్కనుంచి నువ్వు తిరిగి తట్టబట్టే బతికాను అవ్వా."

"నేనా?" అవ్వ మొహం పాలిపోయింది. "నేను దీపం ఆర్పి, దుప్పట్లో తల దూర్చుకున్నానే తల్లీ..."

దాన్‌బి కోటులోంచి తీసి నేలమీద పెట్టింది. తెల్లటి రబ్బరు జోడు, ఒక కాలిదే. మడమ దగ్గర చిరిగితే ఎవరో నీలం దారంతో వంకరటింకరగా కుట్టారు.

అవ్వ చతికిలబడిపోయింది.

"ఇది నేను కుట్టిందే," అంది గుసగుసగా. "మా అన్న పాన్‌సూ వేసుకున్న జోడు. నాకు పదకొండేళ్ళప్పుడు... బండమీద పుట్టగొడుగులు గీక్కొస్తానని వెళ్ళాడు. రాలేదు. ఊరొదిలి పారిపోయాడన్నారు. ఆ రాత్రి బండ తట్టింది... మూడేసి దెబ్బలు... తెల్లారేదాకా. మా అమ్మ దీపం ఆర్పి, నా చెవులు మూసింది."

 తర్వాత అవ్వ సుత్తి చేతికి తీసుకుని, దాన్‌బిని వెంటబెట్టుకుని వంగిన నడుంతోనే బండ దాకా నడిచింది. తను నిలబెట్టిన పుల్ల పక్కన ఆగింది.

"అన్నా... ఆ రాత్రి విన్నాను. విన్నాను అన్నా," అంటూ సుత్తితో బండని తట్టింది.

టక్... టక్... టక్.

గాలి లేదు. ఆకు కదల్లేదు. లోపల్నుంచి — ఒకే ఒక్క దెబ్బ, మెల్లగా.

చలికి రాళ్ళు ముడుచుకుంటాయని దాన్‌బి ఈసారి అనలేదు. అవ్వ కొట్టులో దీపం ఆ రాత్రి తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది.