వందన మాట మీద కొన్న పానాలు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో హనుమాండ్లు సేటుది హార్డ్‌వేర్ షాపు. కౌంటర్ దగ్గర కూర్చునే వందనకు పనిముట్ల గురించి తెలిసినంత సేటుకే తెలియదని మెకానిక్‌లు అనుకునేవాళ్లు. పెట్టెల్లో మడిచి పెట్టే వారంటీ కాగితాలను చివరి అక్షరం దాకా చదివేది ఆమె ఒక్కతే.

జోయల్ మొదటిసారి వచ్చింది అలాంటి కాగితం మీద కొట్లాడటానికే. ఎల్లారెడ్డిలో వరికోత మిషన్లు రిపేరు చేస్తాడు. విరిగిన పానా కౌంటర్ మీద పెట్టి, లైఫ్‌టైమ్ వారంటీ ఉంది కదా, కొత్తది ఇయ్యమన్నాడు. వందన దాన్ని తిప్పి చూసింది. పిడి చుట్టూ గీతలు పడి ఉన్నాయి.

"దీనికి పైపు తొడిగి తిప్పినవ్ గదన్నా?"

"బోల్టు పట్టేసింది. తిప్పకుంటె ఎట్ల?"

"పైపు పెడితె వారంటీ పోతది. కాగితంలనే రాసిండ్రు."

"అయితె లైఫ్‌టైమ్ అంటె ఎవరి లైఫు? నాదా, పానాదా?"

"రెండూ కాదు. కంపెనీ ఆ మాడల్ చేసినన్ని రోజులు."

కోపంగా వచ్చినవాడు కాస్తా నవ్వేశాడు. ఏ కంపెనీది కొనాలో నువ్వే చెప్పమన్నాడు. వందన రెండు సెట్లు ముందర పరిచింది. హాల్డన్ వాళ్లది తళతళ మెరుస్తుంది గానీ, మార్చుకోవాలంటే బిల్లు చూపించాలి, పెట్టె చూపించాలి, నెలల తరబడి తిరగాలి. వజ్ర వాళ్లది చూడ్డానికి మొద్దుగా ఉంటుంది. విరిగిన ముక్క తెస్తే చాలు, మారు మాట లేకుండా కొత్తది ఇస్తారు. నేనైతే వజ్రే తీసుకుంటానంది. జోయల్ ఇంకేమీ అడక్కుండా అదే కొన్నాడు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం రావడం మొదలుపెట్టాడు. ఒకసారి కటింగ్ ప్లేయర్లలో ఏ కంపెనీది మంచిదని అడిగాడు. ఇంకోసారి సుత్తికి వారంటీ ఇచ్చి దాని పిడికి ఎందుకు ఇవ్వరని నిలదీశాడు. కట్టెకు ఎవరు పూచీ ఉంటారని ఆమె, కట్టె చేసిన తప్పేందని అతను. వాదన ఎంతకీ తెగకపోతే సేటు గట్టిగా దగ్గేవాడు.

షాపుకొచ్చే మగవాళ్లందరినీ వందన అన్నా అనే పిలుస్తుంది. మూడో మంగళవారం నుంచి జోయల్‌ను మాత్రం అలా పిలవడం మానేసింది. అతను అది గమనించాడు. గమనించాడని ఆమెకూ తెలుసు. ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

కోతలు మొదలయ్యాక జోయల్ కనిపించలేదు. మూడు మంగళవారాలు గడిచిపోయాయి. నాలుగో వారం, మేకుల కోసం ఎల్లారెడ్డి నుంచి వచ్చిన వడ్రంగి ఒకాయన మాటల్లో చెప్పాడు. అక్కడెవరో మెకానిక్ మిషన్ కింద పండుకొని బోల్టు విప్పుతుంటే పానా విరిగి చెయ్యి నలిగిందట, దవాఖానకు తీసుకపోయిండ్రట. పేరు ఆయనకు తెలియదు.

వజ్ర తీసుకోమన్నది తనే. విరిగిన పానా బదులు కొత్తది ఇస్తామని కాగితంలో ఉంది. చెయ్యి గురించి అందులో ఒక్క ముక్క లేదు.

వందన సేటుకు చెప్పి అప్పటికప్పుడు బస్సెక్కింది. లింగంపేట దాటేదాకా అకాల వాన. కిటికీ మూయాలన్న ధ్యాస లేక జుట్టూ, భుజమూ తడిసి ముద్దయ్యాయి. ఎల్లారెడ్డిలో దిగి, మిషన్ల షెడ్డు ఎక్కడని అడుగుతూ నడిచింది. షెడ్డు వాకిట్లో జోయల్ తల్లి ఈరవ్వ కూర్చుని ఉంది. కామారెడ్డి నుంచి వచ్చానంటూ వందన కొడుకు పేరు చెప్పగానే లోపలికి చెయ్యి చూపించింది.

లోపల జోయల్ డీజిల్‌లో బేరింగు కడుగుతున్నాడు. రెండు చేతులతో, పది వేళ్లతో.

వందన అక్కడున్న పాత టైరు మీద కూలబడింది.

సంగతి నిమిషంలో తేలిపోయింది. దెబ్బ తగిలింది పక్క షెడ్డు జీవన్‌కు. అతని చేతిలో విరిగింది అంగట్లో కొన్న పేరూ ఊరూ లేని పానా. రెండు వేళ్లు వాచాయి, అంతే. అప్పుడే పనిలోకి కూడా దిగాడు. జోయల్ ఈ మూడు వారాలు మద్నూర్, జుక్కల్ వైపు మిషన్ల వెంట తిరిగి నిన్ననే ఇల్లు చేరాడు.

"ఒక్క ఫోన్ చెయ్యరాదా?"

"షాపు నంబరే ఉండె నా తాన. నాలుగుసార్లు చేసిన. నాలుగుసార్లు సేటే ఎత్తిండు. ఏం చెప్పాలె? సుత్తి రేటు అడిగి పెట్టేసిన."

ఆమెకు నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. మంగళవారాలు నిజంగా ఏమైనా అవసరం పడే వచ్చావా అని అడిగింది.

జోయల్ బేరింగు పక్కన పెట్టాడు. "నాకు సుత్తులు ఐదున్నయ్ వందనా. నిన్ను సూడనీకే వచ్చిన. చెప్పనీకి ధైర్యం చాలలె."

ఇంతలో ఈరవ్వ చాయ్ గ్లాసుతో లోపలికి వచ్చింది. ఇట్ల తడుసుకుంట ఏం పని మీద వచ్చినవ్ బిడ్డా అని అడిగింది. వారంటీ కాగితం మీద సంతకం కోసమని చెబుదామని వందన బస్సులోనే అనుకుంది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మీ కొడుకు చేతులు సూడనీకి వచ్చినమ్మా."

ఈరవ్వ కొడుకు వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. తన భుజం మీది తువ్వాల తీసి వందనకిచ్చింది.

"సూసినవ్ గద, మంచిగనే ఉన్నయ్. తల తుడుసుకో. ఆదివారం చర్చి అయినంక మేమే కామారెడ్డికి వస్తం, మీ అమ్మానాయినలకు చెప్పి పెట్టు."

జోయల్ నల్లా దగ్గరికి పోయి సబ్బు పెట్టి గ్రీజు వదిలేదాకా చాలాసేపు కడుక్కున్నాడు. వందన ఆ చేతులనే చూస్తూ తీరిగ్గా చాయ్ తాగింది.