సొట్ట తీసిన ఆదివారం

"ఆదివారం మేం కార్లు బాగుచెయ్యమండీ."

తాడు కట్టి లాక్కొచ్చిన పాత కారు పక్కన చెమటలు కక్కుతూ నిలబడ్డ కుర్రాడు ఆ మాట విని షెడ్డు మీది బోర్డు వంక చూశాడు. 'పాత కార్ల మరమ్మతు' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసే ఉంది.

"మరి షెడ్డు తెరిచే ఉందిగా?"

"తెరిచే ఉంది."

"లోపల జనం కార్లు బాగుచేస్తున్నారుగా?"

"వాళ్ళ కార్లు వాళ్ళు చేసుకుంటున్నారు. మేం చెయ్యట్లేదు," అంది ఆ అమ్మాయి, చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ. "ఆదివారం మేం నేర్పుతాం, అంతే. కారు మీది, చెయ్యి మీది."

కుర్రాడు తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "నేను మందుల షాపులో పనిచేస్తానండీ. ఈ చేతులతో ఇంతవరకూ విప్పింది దగ్గు మందు సీసా మూతలే."

"ఇంకేం? మూత ఎటు తిప్పితే ఊడుతుందో తెలుసన్నమాట. బోల్టూ అటే తిరుగుతుంది. లోపలికి తొయ్యండి."

అలా మొదలైంది. ఆ రోజు నుంచి అతను ఆమెకి 'టాబ్లెట్లు గారు' అయిపోయాడు. ఆమెని అందరూ పిలిచినట్టే అతనూ 'చిన్న మేస్త్రి గారూ' అన్నాడు.

పెద్ద మేస్త్రి ఆమె నాన్న. పాత కార్లకి ప్రాణం పొయ్యడంలో ఆయనది బాగా తిరిగిన చెయ్యే గానీ, ఆ చెయ్యి ఎవరికీ చూపించేవాడు కాదు. చిన్నప్పుడు ఆయన గురువు పని చేసేటప్పుడల్లా ఇటు వీపు పెట్టి నిలబడేవాడట. ఆ వీపు పక్కనుంచి తొంగి చూసీ, తిట్లు తినీ నేర్చుకున్నాడు. అందుకే, ఆదివారాలు షెడ్డు అందరికీ తెరుద్దామని కూతురు అడిగినప్పుడు ఆయన ముందు స్పానర్లన్నీ తుడిచి పెట్టెలో సర్దాడు.

"తెరువు. కానీ ఒక్క మాట," అన్నాడు చివరికి. "నేను ముట్టిన కారు చూసి కంటతడి పెట్టుకున్న యజమాని ఇంతవరకూ లేడు. నీ ఆదివారాల వల్ల ఏ ఒక్కరి కళ్ళల్లో నీళ్ళు తిరిగినా, ఆ రోజే బంద్."

ఆమె సరేనంది. బస్సు కండక్టరు వచ్చాడు. సీట్లు కుట్టడం నేర్చుకుంటానని కుట్టుమిషన్ అత్త వచ్చింది. కొత్తలో చిన్న మేస్త్రి ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నట్టే పాఠం చెప్పబోతే అందరికీ ఆవులింతలు వచ్చాయి. దాంతో పుస్తకం అటక మీదకి విసిరేసి, నోటికొచ్చిన తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.

"కార్బురేటర్ అంటే ఇంజనుకి ముక్కు. గాలి పీల్చుకునేది ఇదే. మీ కారుకి జలుబు చేసింది, ముక్కు దిబ్బడేసింది. శుభ్రంగా చీదించాలి."

"దానికి నా దగ్గర మంచి టాబ్లెట్ ఉందండీ," అన్నాడు టాబ్లెట్లు గారు.

"మీరు వేసుకోండి. కాసేపు మాట్లాడకుండా పడుకుంటారు."

కుట్టుమిషన్ అత్త సూదిలో దారం ఎక్కిస్తూ కిసుక్కున నవ్వింది.

కారు అతని అమ్మది. అతని నాన్న పోయినప్పటి నుంచీ గుడ్డ కప్పి మూల పెట్టేశారు. దాన్ని కొత్తదానిలా చేసి అమ్మకి సర్‌ప్రైజ్ ఇవ్వాలని అతని ఆశ. ముందు మడ్‌గార్డ్ మీద గిన్నె బోర్లించి నొక్కినట్టు పెద్ద సొట్ట. దాన్ని తియ్యడం నేర్పమని అతనే అడిగాడు.

"కళ్ళు మూసుకోండి," అంది ఆమె, అతని అరచేతి కింద పల్చటి గుడ్డ ముక్క పెట్టి. "రేకు మీద చెయ్యి నెమ్మదిగా జరపండి. ఉత్త చెయ్యి రేకుకి అతుక్కుంటుంది. గుడ్డ ఉంటే జారుతుంది, ఎత్తుపల్లాలన్నీ తెలుస్తాయి. అదేంటి, ఒక కన్నే మూశారు?"

"రెండోది డౌట్లు అడగడానికి ఉంచానండీ."

"డౌట్లు నోటితో అడుగుతారు."

"కొన్ని నోటితో రావండీ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అది కనబడకుండా గబగబా వంగి మడ్‌గార్డ్ అడుగున ఇనప దిమ్మ ఆనించి పట్టుకుంది. "ఊఁ, పైనుంచి సుత్తితో కొట్టండి. కొట్టడం అంటే కొట్టడం కాదు. పసిపిల్లని జోకొట్టినట్టు."

అతను జోకొట్టాడు. ఆదివారాలు గడిచాయి. సొట్ట గిన్నెంత లోతు నుంచి పళ్ళెమంత లోతుకి వచ్చి, చివరికి చేతికి తగలకుండా పోయింది. పైన రంగు కూడా వేశాక ఆమె కళ్ళు మూసుకుని, గుడ్డ పెట్టి తడిమి, "భేష్!" అంది. ఆ ఒక్క మాటకి అతని మొహం దీపం వెలిగించినట్టయింది. ఆ వెలుగు చూస్తూ ఆమె తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

మరుసటి ఆదివారం అతను అమ్మని వెంటపెట్టుకొచ్చాడు.

ఆవిడ కారుని చూసి మురిసిపోయింది. బానెట్ నిమిరింది, దీపాలు నిమిరింది. మడ్‌గార్డ్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ తడిమింది, వెతుక్కుంటున్నట్టు.

"ఇక్కడుండేది ఏదిరా?"

"సొట్టా? తీసేశానమ్మా! నేనే, నా చేతుల్తో!"

"మీ నాన్న నాకు డ్రైవింగ్ నేర్పిన మొదటి రోజు గేటు స్తంభానికి గుద్దానురా. అది ఆ సొట్ట." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇంకేం మాట్లాడకుండా చెంగుతో కళ్ళొత్తుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

రంగుల గది గుమ్మంలో పెద్ద మేస్త్రి నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు. "సుత్తి అందరి చేతికీ ఇస్తే ఇదే జరుగుతుంది," అని మాత్రం అన్నాడు.

ఇక ఆదివారాలు బంద్ అని చిన్న మేస్త్రికి అర్థమైంది. ఆ భయమంతా కోపమై అతని మీదకి దూకింది. "తియ్యొచ్చో లేదో ఇంట్లో ఒక్క మాట అడగక్కర్లేదా? కొడుకువి నువ్వా, నేనా?"

"సర్‌ప్రైజ్ ఎవరైనా అడిగి ఇస్తారా? మీరే నేర్పారు, మీరే భేష్ అన్నారు!"

"అనడం నాదే తప్పు. వెళ్ళు!"

అతను వెళ్ళిపోయాడు. తర్వాత గానీ ఆమెకి తట్టలేదు, అతన్ని ఏకవచనంలో అనేసిందని. ఆ వారమంతా ఆ 'నువ్వు' ఆమె నాలుక మీద కారంలా మండుతూనే ఉంది.

తర్వాతి ఆదివారం షట్టర్ లేవలేదు. కండక్టరు వచ్చి, షట్టర్ వంక చూసి, టికెట్ లేని ప్రయాణికుడిలా తలొంచుకుని వెళ్ళిపోయాడు. కుట్టుమిషన్ అత్త సగం కుట్టిన సీటు కవరు చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగింది. మెట్టు మీద కూర్చున్న చిన్న మేస్త్రికి ఆకాశం కూడా మొహం మాడ్చుకున్నట్టే కనిపించింది. తుంపర మొదలైంది.

ఆ తుంపరలో గొడుగు వేసుకుని అతని అమ్మ వచ్చింది. నాలుగడుగుల వెనక, గొడుగు లేకుండా, టాబ్లెట్లు గారు.

"ఇవాళ మూసేశారేం తల్లీ?"

"మీరు ఏడ్చారు కదా ఆంటీ," అంది ఆమె. "ఎవరినైనా ఏడిపిస్తే బంద్ అని నాన్న ముందే చెప్పారు."

పెద్ద మేస్త్రి అలికిడికి బయటికి వచ్చి చేతులు జోడించాడు. "మీ వస్తువు పాడైంది. క్షమించండమ్మా."

"పాడవడమేంటి మేస్త్రి గారూ? నా మాట వినండి." ఆవిడ గొడుగు మూసింది. "నేను గుద్దిన రోజు ఇంటిల్లిపాదీ తాళం లాక్కోమన్నారు. ఆయన మాత్రం దిగి, సొట్ట చూసి, పడీ పడీ నవ్వి, తాళం మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. నేర్చుకునేవాళ్ళు గుద్దుతారు, పోనీ, అన్నారు. ఆ రోజు ఆయన లాక్కునుంటే, ఆయనకి జబ్బు చేసినప్పుడు ఆసుపత్రికి తిప్పడానికి మనిషే లేకపోయేది. నేను తిప్పాను. ఆ భాగ్యం నాకు దక్కింది."

రేకుల మీద చినుకులు టపటపమంటున్నాయి.

"సొట్ట పోయిందని మొన్న దిగులేసిన మాట నిజమే. ఇంటికెళ్ళి ఆలోచించాను. ఆ సొట్ట నేను నేర్చుకున్న గుర్తు. ఇప్పుడు నున్నగా ఉన్న చోటు మావాడు నేర్చుకున్న గుర్తు. నాకేం పోయిందండీ? మా ఆయన చేసిన పనే మీ అమ్మాయీ చేస్తోంది. ఇంకా చేతకానివాళ్ళ చేతిలో తాళం పెడుతోంది. దాన్ని ఆపకండి."

పెద్ద మేస్త్రి తన అరచేతులు చూసుకున్నాడు. "నా చేతిలో అలా ఎవరూ పెట్టలేదమ్మా," అన్నాడు నెమ్మదిగా. ఆ తర్వాత వంగి, షట్టర్ కొక్కెం పట్టుకుని ఒక్క ఊపున పైకి లేపాడు.

ఆవిడ తిన్నగా కారెక్కి కూర్చుంది. ఇంజన్ ఒకసారి దగ్గింది, రెండోసారికి గుర్రుమంది. "మీరూ ఎక్కండి మేస్త్రి గారూ. చిన్న రౌండ్ వేసొద్దాం."

"మళ్ళీ స్తంభం ఏదైనా..."

"గుద్దితే తియ్యడానికి మావాడున్నాడుగా!" అని నవ్విందావిడ.

కారు తుంపరలోకి వెళ్ళిపోయింది. షెడ్డులో ఇద్దరే మిగిలారు. అతని జుట్టులోంచి నీళ్ళు ముక్కు చివరికి జారి ఊగుతున్నాయి. ఆమె తుడుచుకోమని గుడ్డ ఇచ్చింది. తుడుచుకున్నాక చూస్తే అది గ్రీజు గుడ్డ. అతని మొహం మీద నల్లటి చారలు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. వారమంతా దాచుకున్న నవ్వు అది.

"థాంక్సండీ," అన్నాడు అతను.

"మసి పూసినందుకా?"

"అమ్మ ఆ స్టీరింగ్ పట్టుకుని నవ్వడం, నాన్న పోయాక ఇదే మొదటిసారి. మీరు నా కారు చేసిపెట్టి పంపేసి ఉంటే కారే వచ్చేది. ఇది వచ్చేది కాదు."

"నేనే మీకు చెప్పాలి థాంక్స్. ఆంటీ రాకపోతే ఈ షట్టర్ లేచేదే కాదు."

"నాకు ఆదివారాలు చాలట్లేదండీ," అన్నాడు అతను, ఉన్నట్టుండి. అనేసి, తనే కంగారుపడి కళ్ళు దించుకున్నాడు. "మొన్న కోపంలో నన్ను నువ్వు అన్నారు. కోపం లేకుండా ఒక్కసారి అంటారేమోనని వచ్చాను."

ఆమె వాన వంక చూసింది. చూరు వంక చూసింది. చూడ్డానికి ఇంకేం మిగలక, అతని వంక చూసింది.

"నువ్వు..." అంది చిన్నగా. "సోమవారం షాపు ఎన్నింటికి కట్టేస్తావు?"

అతను జవాబు చెప్పేలోపే హారన్ మోగింది. కారు లోపలికి వచ్చి ఆగింది. పెద్ద మేస్త్రి, పెద్దావిడ, ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

"అద్దాలు పైకి లేవట్లేదురా!" అంటూ దిగింది ఆవిడ నవ్వుతూ. దిగి, కొడుకు మొహం మీది చారలు చూసింది. ఆ అమ్మాయి ఎర్రటి చెవులు చూసింది. "మేస్త్రి గారూ, ఇంకా పని మిగిలే ఉన్నట్టుందే. ఆ అద్దాలూ, ఇదిగో, వీళ్ళిద్దరూ."

పెద్ద మేస్త్రి తల తుడుచుకుంటూ వాళ్ళ వంక ఒకసారి చూశాడు. మీసాల చాటున నవ్వు దాగలేదు.

"అద్దాలు ఎలా బిగించాలో ఇక నుంచి నేనే నేర్పుతానమ్మా, ఎవరొచ్చినా సరే. వీళ్ళంటారా? మనం చెప్పక్కర్లేదు. వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటున్నారు."