విడి అక్షరాల ఆకాశరామన్న

"పోలీసోళ్లు నా బిడ్డను బస్సెక్కించి తీసకపోతారు నాయనా. ఈ ఆదివారం కాకుంటే పై ఆదివారం. నాకు తెలుసు."

ఇంకా ఎవరూ ఎవరినీ తీసుకుపోలేదు. అయినా వెంకటలక్ష్మమ్మ కళ్లకు అది జరిగిపోయినట్టే ఉంది. నంద్యాల స్టేషను వీధిలో డిటెక్టివ్ పార్థసారథి గదికి ఆమె వచ్చి పది నిమిషాలైంది. కూర్చోమని రెండుసార్లు చెప్పినా కూర్చోలేదు. కొంగు చివర వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడే ఉంది.

పార్థసారథి అహోబిలం పండితుల ఇంట పుట్టినవాడు. తాతల దారిలో శాస్త్రం చెప్పుకోవలసినవాడు దొంగల వెంట పడ్డాడని అతని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సన్నగా, ఎప్పుడూ తొందరలేనట్టు ఉంటాడు. అతని సహాయకుడు నరసింహులుకు నలభై ఏళ్లు. ఒకప్పుడు ఆసుపత్రిలో కాంపౌండరు. పార్థసారథి ఏమన్నా దాన్ని నోటుబుక్కులో రాసుకోవడం అతనికి పుణ్యకార్యం.

"మొదటినుంచి చెప్పండమ్మా," అన్నాడు పార్థసారథి.

ఆమె చెప్పింది. కూతురు సరస్వతి ట్రెయినింగు ముగించి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరం, అంటే ఈ యేడే, ఆళ్లగడ్డ ఆడపిల్లల బడిలో చేరింది. బడి కమిటీ ప్రెసిడెంటు శేషయ్య కూతురు లీలావతికి కొలిమిగుండ్లలో సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి వారం ముందు పెళ్లికొడుకు ఇంటికి ఆకాశరామన్న ఉత్తరం పోయింది. పిల్లకు మూర్ఛలున్నాయని. వాళ్లు వెనక్కి తగ్గారు.

"ఆ ఉత్తరం విడివిడి అక్షరాల్లో ఉండాది నాయనా. ఆ ఊళ్లో పెద్దోళ్లంతా కలం ఎత్తకుండా రాసే గొలుసుకట్టే. అచ్చేసినట్ల విడివిడిగా రాసేది మా సరస్వతి ఒక్కతే. అందుకని అదే రాసిందంటాండారు. ఆదివారం కమిటీ కూచుంటాది. కొలువు పోతే పోనీ. ఇట్లాంటి మాట పడినంక దాని మొగం ఎవురు చూస్తారు?"

పార్థసారథి లేచి కండువా తీసుకున్నాడు. "పదకొండు గంటల బస్సు అందుతుందా, నరసింహులూ?"

అప్పుడు కూర్చుంది వెంకటలక్ష్మమ్మ.

*

శేషయ్య భారీ మనిషి. అవమానం అతని మెడను కుదించేసినట్టుంది. ఉత్తరాన్ని బీరువాలోంచి రెండు వేళ్లతో, పురుగును పట్టుకున్నట్టు పట్టుకొని తెచ్చాడు. వియ్యంకులు కావలసినవాళ్లే దాన్ని తిరిగి పంపారట.

పార్థసారథి కిటికీ దగ్గర నిలబడి చదివాడు. నాలుగే వాక్యాలు. పిల్లకు మూర్ఛ ఉంది, తల్లిదండ్రులు దాస్తున్నారు, విచారించుకోండి, మీ మేలు కోరి రాస్తున్నాము. అక్షరాలు గుండ్రంగా, దేనికది విడిగా, బడిలో గోడపటం మీద ఉన్నట్టే ఉన్నాయి. దాదాపు ప్రతి అక్షరం చివరా ఆవగింజంత సిరా చుక్క ఉంది. ఆఖరి మాట పంక్తి మధ్యలో ముగిసింది. దాని పక్కనుంచి కాగితం అంచుదాకా సన్నటి గీత.

"ఈ చుక్కలేమిటి?"

"పెన్ను కారింటాది సామీ. చుక్కలతో నాకేం పని? నా బిడ్డకు మూర్ఛ లేదు, మచ్చ లేదు. అన్నం ముట్టకుండా మూల కూచోనుండాది."

"టీచరమ్మకు మీమీద పగ ఎందుకు?"

"లీలావతి ఎనిమిది చదివి ఇంట్లో ఉండాది. మెట్రిక్కు ప్రైవేటుగా కట్టించు, ఇప్పుడే పెండ్లేంది అని రెండు తూర్లు ఇంటికొచ్చి నాతో కొట్లాడె. పెండ్లి చెడిపితే చదువుతాదని అనుకున్నట్టుండాది."

నరసింహులు గబగబా రాసుకున్నాడు. కారణం బలంగానే ఉంది. పాపం వెంకటలక్ష్మమ్మ అనుకున్నాడు.

వసారాలో తమలపాకులు నములుతున్న మనిషి నవ్వాడు. శేషయ్య బావమరిది చెన్నకేశవులు. లీలావతిని తన కొడుక్కు చేసుకోవాలని చూసి కాదనిపించుకున్నవాడు. నంద్యాల హైస్కూల్లో రెండేళ్లు చదివాడు గనక విడి అక్షరాలు అతనికీ వచ్చు.

"నన్ను గూడా అనుమానించు సామీ, మా బావ మొగమాటపడి చెప్పడంల్యా," అన్నాడు.

"రాశారా?"

"రాస్తే నా పేరు పెట్టి రాసుందు! పేరు పెట్టకుండా తిట్టితే తిట్టినట్ల యాడుంటాది?"

శేషయ్య అతనివైపు ఉరిమి చూసి, "ఎవురెవురినో అనాల్సిన పని ల్యా. గురుస్వామి పంతులు చూసి తేల్చినాడు, టీచరమ్మ రాతేనని. నలభై ఏండ్లు రిజిస్ట్రాఫీసు కాడ దస్తావేజులు రాసిన చెయ్యి. మా ఇంటి ఉత్తరాలన్నీ ఆయనే రాస్తాడు. కొలిమిగుండ్లకు సంబంధం మాట రాసింది గూడా ఆయనే," అన్నాడు.

*

సరస్వతి అద్దెకున్న గది బడి వెనకే. చాప మీద కూర్చొని పలకలకు బొగ్గు రుద్దుతోంది. మూడు రోజులుగా పిల్లలెవరూ బడికి రాలేదు. అయినా పలకలు సిద్ధం చేస్తోంది. తల్లిని చూసి, "ఎందుకొచ్చినావమ్మా ఇంత ఎండలో," అంది తప్ప ఏడవలేదు. ఏడ్చి ఉంటే తల్లికి కొంచెం ధైర్యంగా ఉండేది.

"ఉత్తరం మీరు రాశారా?" అడిగాడు పార్థసారథి.

"లేదని కమిటీలో ఒకసారి చెప్పినా. నమ్మలేదు. రెండోసారి చెప్పను."

"ఇదేం మొండితనమే!" అంది తల్లి. "అడిగినోళ్లకల్లా వందసార్లయినా చెప్పాల!"

పార్థసారథి నవ్వాడు. "పెళ్లికొడుకుది ఏ ఊరు?"

"నాకెట్ల తెలుస్తుంది? కోవెలకుంట్లనో ఏదో అన్నారు."

"కొలిమిగుండ్ల," అని గొణిగాడు నరసింహులు, ఆశ్చర్యపోయి.

"మీరు రాకముందు పిల్లలకు రాత ఎవరు నేర్పేవారు?"

"గురుస్వామి పంతులు. రోజుకొక గంట. గొలుసుకట్టు. కలం ఎత్తకుండా పేజీ అంతా ఒకే తీగ మాదిరి రాయిస్తుండె. చూసేకి ముచ్చటగా ఉండేది. కానీ చిన్నపిల్లలకు ఏ అక్షరం యాడ మొదలయితాదో తెలియక ఏడుస్తుండ్రి. నేను విడిగా నేర్పిస్తానంటే కమిటీ ఒప్పుకొనె. ఆ గంట తీసేసిరి." ఇంకో పలక అందుకుంది. "ఆయన ఒక్క మాట గూడా అనలేదు. మంచాయన."

పార్థసారథి ఆమె చేత ఒక కాగితం మీద రెండు పంక్తులు రాయించుకున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎక్కడా చుక్క లేదు.

"పెన్ను ఇదేనా?"

"ఇదొక్కటే ఉండాది."

*

గురుస్వామి డెబ్బై ఏళ్ల మనిషి. అరుగు మీద రాతబల్ల, దాని ముందు పద్మాసనం. ఆయన రాయడం చూస్తూ నరసింహులు నోరు తెరిచాడు. కలం కాగితం మీద దిగిందంటే పంక్తి చివరికి పోయేదాకా లేవలేదు. అక్షరం తోక పక్క అక్షరం తలలో కలిసిపోయి, చీమలబారులాగా సాగిపోయింది.

"అది టీచరమ్మ రాతేనని నాకు ఒక ముక్క రాసివ్వగలరా పంతులుగారూ?" అన్నాడు పార్థసారథి. "విడి అక్షరాల్లో అయితే మావాడికి చదువుకోను వీలవుతుంది."

"విడిగా రాసేది నాకు చేతగాదు నాయనా. ఈ చెయ్యి ఒకటే ఎరుగును," అని ముసలాయన గొలుసుకట్టులోనే మూడు పంక్తులు రాశాడు. మూడో పంక్తి సగంలో అయిపోయింది. అక్కడినుంచి అంచుదాకా అలవాటుగా గీత లాగి, సిరా ఆరేట్టు ఇసుక చల్లి, ఇచ్చాడు.

బయటికి వచ్చాక నరసింహులు, "చెన్నకేశవులే సార్. మేనరికం కాదన్నారని. విడి అక్షరాలు వచ్చు, నోటి దురుసు ఉంది," అన్నాడు.

"నోటి దురుసున్నవాడు ఉత్తరాలు రాయడు. అరుస్తాడు. ఆయనే చెప్పాడుగా!" ముసలాయన ఇచ్చిన కాగితాన్ని పార్థసారథి జేబులో పెట్టుకున్నాడు. "శేషయ్యగారితో చెప్పు, ఆదివారం కమిటీకి మనమూ వస్తాం. ఉత్తరం, ఒక సీసా సిరా, ఒకే కలం, నాలుగు తెల్లకాగితాలు కావాలి."

*

ఆదివారం పదిగంటలకు బడిలో పెద్ద తరగతి నిండిపోయింది. ఊరి మగవాళ్లు కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. సరస్వతి గోడవారగా, తల్లి ఆమె చెయ్యి వదలకుండా. పోలీసులు రాలేదు. వెంకటలక్ష్మమ్మ మాత్రం గుమ్మంవైపే చూస్తోంది.

పార్థసారథి బల్ల మీద కాగితాలు పరిచాడు.

"విడి అక్షరాలు వచ్చినవాళ్లే ఈ ఉత్తరం రాశారని మీ అందరి నమ్మకం. నేనూ మొదట అదే అనుకున్నాను. పరీక్ష చేద్దాం. నేను చెప్పే వాక్యం విడి అక్షరాల్లో రాయాలి. కలం ఒకటే, సిరా ఒకటే. పెన్ను కారిందనే మాట ఉండకూడదు. అమ్మా, మీరు మొదట."

సరస్వతి రాసింది. తర్వాత చెన్నకేశవులు, నాలుక బయటపెట్టి, వంకరటింకరగా రాశాడు. అక్షరాలు మేకలమందలా ఉన్నాయి. ఎవరో పకపకా నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. మీ అందరికీ ఇది గూడా రాదు," అన్నాడతను.

"ఇప్పుడు గురుస్వామి పంతులుగారు."

"నాకు చేతగాదంటిని గదా."

"చేతగాకపోతే పరవాలేదు. ప్రయత్నించండి. నిపుణులు మీరు, మీ ముందు సరిపోల్చుకోవాలి కదా."

ఊరంతా చూస్తోంది. కాదంటే మాట వస్తుంది. ముసలాయన కలం పట్టాడు. ఒక్కొక్క అక్షరం గీస్తున్నట్టు, నెమ్మదిగా, గుండ్రంగా రాశాడు. ప్రతి అక్షరం చివరా కలం ఒక క్షణం నిలిచింది. వాక్యం పంక్తి సగంలో అయిపోయింది. కలం కింద పెట్టాడు. కాగితం వైపు చూశాడు. ఏదో మిగిలిపోయినట్టు మళ్లీ కలం తీసి, ఆఖరి మాట పక్కనుంచి కాగితం అంచుదాకా సన్నగా ఒక గీత లాగాడు.

గదిలో అందరూ ముందుకు వంగారు. ఎందుకో ఎవరికీ తెలియదు. పార్థసారథి ముఖం చూసి అంతే.

అతను ఉత్తరాన్ని, ఆ కాగితాన్ని పక్కపక్కన ఎత్తి పట్టుకున్నాడు.

"శేషయ్యగారూ, ఈ చుక్కలు పెన్ను కారి పడినవి కావు. విడిగా రాసేవాళ్లు అక్షరం అవగానే చెయ్యెత్తుతారు. టీచరమ్మ ఎత్తింది, చెన్నకేశవులుగారూ ఎత్తారు. వాళ్ల కాగితాల్లో చుక్కలు లేవు. గొలుసుకట్టు చేతికి ఎత్తడం తెలియదు. అక్షరం కాగానే పక్కదానికి పోబోతుంది. మనసు 'ఆగు' అంటుంది. ఆ ఆగినచోట సిరా దిగి చుక్క అవుతుంది. ఉత్తరంలో అరవై చుక్కలున్నాయి. ఇందులోనూ ఉన్నాయి, చూసుకోండి. టీచరమ్మ ఒక్కతే ఇలా రాస్తుందన్నారు. నిజానికి ఈ ఉత్తరం ఆమెలాగా రాయడం చేతగానివాళ్లే రాశారు."

కాగితాలు చేతులు మారాయి. గుసగుసలు లేచాయి.

"ఇక ఆ గీత. దస్తావేజు రాసేవాళ్లు ఆఖరి పంక్తిలో ఖాళీ వదలరు. వెనకనుంచి ఎవరైనా ఒక మాట చేరుస్తారని గీత కొట్టేస్తారు. నలభై ఏళ్ల అలవాటు. పేరు పెట్టని అబద్ధంలో కూడా ఎవరూ ఇంకో మాట చేర్చకుండా జాగ్రత్తపడ్డారు పంతులుగారు! పైగా టీచరమ్మకు పెళ్లికొడుకు ఊరు కూడా తెలియదు. ఆ ఇంటికి సంబంధం మాట రాసింది ఎవరో శేషయ్యగారే చెప్పారు."

గురుస్వామి తల వంచుకున్నాడు. తన గీతను తానే చూసుకున్నాడు. అది చాలా చక్కగా ఉంది.

"నా గంట తీసేసినారు," అన్నాడు మెల్లగా. "ఆయమ్మ అడిగె, ప్రెసిడెంటు తీసేసె. ఇద్దరి మీదా... తప్పు చేసినా."

"నా బిడ్డేం చేసింది నీకు?" శేషయ్య లేచాడు. చెన్నకేశవులు అతని నడుం పట్టుకొని ఆపాడు. "ఉండు బావా, ఉండు! ముసలోన్ని కొట్టితే పేరు నీకు చెడుతాది. కొలిమిగుండ్లకు నేనే పోతా, ఈ రెండు కాయితాలు చూపిస్తా. రేపు పొద్దున బస్సుకే. నా కొడుక్కు అడిగినోణ్ణి, నేను చెప్తే నమ్మరా?"

కిటికీల దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు. నరసింహులు నోటుబుక్కు మూయడం మరిచి అందరికన్నా గట్టిగా కొట్టాడు. కమిటీ వాళ్లు అక్కడికక్కడే చేతులెత్తి సరస్వతి కొలువు ఖాయమన్నారు. వెంకటలక్ష్మమ్మ ఇన్నాళ్లు బిగపట్టిన ఏడుపు అప్పుడు ఏడ్చింది, పెద్దగా, సిగ్గు లేకుండా, ఊరంతా వినేట్టు.

శేషయ్య సరస్వతి ముందుకు వచ్చి నిలబడ్డాడు. అంత మనిషీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కండువా సర్దుకున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. రేపు బడికి వస్తావా?"

చప్పట్లు ఆగిపోయాయి. తల్లి, వద్దంటుందేమో, ఇంత గెలిచీ కాలదన్నుకుంటుందేమో అని కూతురి చెయ్యి గట్టిగా నొక్కింది. సరస్వతి శేషయ్యను చూసింది, ఖాళీ బెంచీలను చూసింది, ఇన్ని రోజులు తలుపులేసుకున్న ఊరినంతా ఒక్కొక్కరినీ చూసింది. శేషయ్య నుదుటి చెమట కారి కండువా మీద పడింది.

"వస్తా," అంది చివరికి. "కానీ ఈ మాట ఈడ చెప్తే చాలదు. ఉత్తరం నేను రాయలేదని నీ చేత్తో రాసి, నీ పేరు పెట్టి, బడి తలుపుకు అంటించు. పిల్లోళ్లు గూడా చదవాల. విడి అక్షరాల్లో రాయి. రాకుంటే ఈడ కూచో, నేర్పిస్తా."